మూడులో ఎన్ని సగాలు

మారివిక్ తన సొంత దేశంలో, ఇలోయిలో అనే ఊళ్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పి, సముద్రాలు దాటి మోంటానాలోని ఒక చిన్న ఊరి బడికి అయిదో తరగతి టీచరుగా వచ్చింది. అక్కడ ఆమె గదిలోకి అడుగుపెడితే అరవై మంది పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడేవారు. ఇక్కడున్నది పంతొమ్మిది మందే. ఒకడు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు, ఇంకొకడు పాఠం మధ్యలో లేచి నీళ్లు తాగి వస్తాడు. మొదటి నెలంతా ఆమెకు తలకొట్టేసినట్టే ఉండేది.

భిన్నాల భాగహారం మొదలుపెట్టిన రోజు బ్రిన్లీ అనే పిల్ల చెయ్యెత్తింది.

"మూడుని సగంతో భాగిస్తే ఆరెలా వస్తుంది మిస్? భాగిస్తే తగ్గాలి కదా."

"తిరగేసి గుణించాలి. రూల్ అది."

"రూల్ సరే. ఎందుకు?"

మారివిక్‌కు జవాబు తెలియదు. చిన్నప్పుడు ఆమె ఎవరినీ అలా అడగలేదు.

"ఇంక చాలు, కూర్చో."

"కూర్చునే ఉన్నా, మిస్."

తరగతంతా గొల్లున నవ్వింది. మారివిక్ ముఖం జేవురించింది. సాయంత్రం నేరుగా ప్రిన్సిపాల్ హాగెన్ దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల ఎదురు మాట్లాడిందని చెప్పింది. పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బ్రిన్లీయేనా? నిజంగా? వాళ్లమ్మ పోయాక రెండేళ్లుగా ఆ పిల్ల క్లాసులో నోరు విప్పలేదండీ. మిమ్మల్ని అడిగిందంటే, మీరు చెబుతారనే అడిగి ఉంటుంది."

మారివిక్ ఫిర్యాదు వెనక్కి తీసుకుని ఇంటికి వెళ్లింది.

మర్నాడు క్యాంటీన్ నుంచి మూడు రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నిన్న బ్రిన్లీ అడిగినదానికి నాకు జవాబు తెలియదు. అందరం కలిసి కనుక్కుందాం," అంది. టీచరు తెలియదని ఒప్పుకోవడం ఇలోయిలోలో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇక్కడెవరూ నవ్వలేదు.

బ్రిన్లీ వచ్చి ఒక్కో రొట్టెనూ సగానికి చింపింది. ముక్కలు లెక్కపెట్టింది, ఆరు.

"ఇది పంచడం కాదు మిస్. మూడులో ఎన్ని సగాలున్నాయో చూడ్డం. ఒక్కోదాంట్లో రెండు, అందుకే రెండుతో గుణిస్తాం."

ఇన్నేళ్లూ తాను పలకల మీద రాయించిన లెక్క మారివిక్‌కు ఆ క్షణాన అర్థమైంది. "థాంక్యూ, బ్రిన్లీ," అంది.

ఆ పిల్లలు ఏడు ఎనిమిదులు ఎంతంటే మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేవారు. అందుకని చప్పట్లు కొడుతూ ఎక్కాలు రాగంలో పాడించింది. వారం తిరిగేసరికి ఆటస్థలంలో కూడా అదే పాట.

శనివారం ఆమె తన చిన్ననాటి టీచరు పిలార్‌కు ఫోన్ చేసింది.

"అక్కడి పిల్లలు మర్యాదగా ఉంటారా అమ్మాయీ?"

"మనవాళ్లలా కాదు మేడమ్. లేచి నిలబడరు. కానీ ఎందుకని అడుగుతారు. ఒక పిల్లయితే రొట్టెలు చింపి నాకే భిన్నాలు నేర్పింది. మీరు రాగంలో నేర్పిన ఎక్కాలు వీళ్లకి తెగ నచ్చాయి. ఒక్క ఫ్యాను కింద అరవై మందికి ఎలా నేర్పారో గానీ, ఆ సంగతి చెప్పాలనే ఫోన్ చేశాను."

"నన్నూ ఎవరైనా అలా ఎందుకని అడిగుంటే బాగుండేదే," అంది పిలార్. "సరే, ఆ రొట్టెల సంగతేంటో నెమ్మదిగా చెప్పు. మా మనవరాలికి చెప్పాలి."

మారివిక్ కిటికీ పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పసాగింది.