పంక్తిలో నా చోటు

నేను ఒక అరల కంచాన్ని. స్టీలు ఒళ్లు, అన్నానికి పెద్ద గది, మిగతావాటికి చిన్న గదులు. ఒకదానిలోది ఇంకోదానిలోకి పోకుండా మధ్యలో గట్లు. నా గొప్పంతా ఆ గట్లలోనే ఉంది.

పుట్టింది విజయవాడ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. చదును రేకుగా లోపలికి వెళ్లాను. పైనుంచి మర దబ్బున పడింది. కంచంగా బయటికొచ్చాను. అక్కణ్ణుంచి కాలేజీ హాస్టల్‌కి. ఆకలేసి కొందరు, సాంబారు చూసి కొందరు నన్ను డప్పులా వాయించారు. హాస్టల్ మూతబడ్డాక పాత సామాన్ల దుకాణంలో కుప్పలో పడ్డాను. కథ ముగిసిందనుకున్నాను.

అప్పుడే ఒక చెయ్యి కుప్పలోకి దిగి నన్ను లాగింది. బొటనవేలితో నా గట్లు తడిమి చూసింది. ఆమె పేరు నస్రీన్. కొడుకు ఇర్ఫాన్‌కి ఆటిజం. కూర తగిలిన అన్నం ముట్టేవాడు కాదు. నాలో విడివిడిగా పెడితే తిన్నాడు. తింటూ తింటూనే మీసాలొచ్చాయి, జిరాక్సు షాపులో ఉద్యోగమొచ్చింది. ఇప్పుడు గిన్నెలు తనే విడివిడిగా సర్దుకుని తింటాడు. నాతో పని తీరింది.

తీరిందా? ఆదివారం ఆదివారం ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఒక గదిలో కలుస్తారు. అక్కడొక పద్ధతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ముందు సలహాలు చెప్పకూడదు. టీ ఇవ్వాలి. తరవాత తమ ఇంట్లో పనికొచ్చిన వస్తువొకటి చేతిలో పెట్టాలి. అలా నేను నస్రీన్ చేతిలోంచి, కొత్తగా వచ్చిన సుభాషిణి చేతికొచ్చాను.

"డాక్టరుగారు ఆటిజం అని పేరు చెప్పారండీ. రేపు పొద్దున పిల్లకి అన్నం ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు," అంది సుభాషిణి.

ఆమె కూతురు కుందన రెండో తరగతి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, గట్టు మీద వేలు నడిపి, ఆ పూట కడుపునిండా తింది. సుభాషిణి వంటింట్లోకెళ్లి ఏడ్చింది. మనుషులు అన్నం తినకపోయినా ఏడుస్తారు, తిన్నా ఏడుస్తారు.

అసలు గండం ముందుంది. సుభాషిణి తమ్ముడి పెళ్లి. తెనాలిలో, పుట్టింట్లోనే.

"పిల్లని గదిలో ఉంచి ఫోనివ్వవే. పంక్తిలో గొడవ చేస్తే నలుగురిలో పరువుపోతుంది," అంది తల్లి సీతారావమ్మ.

"అది నా పక్కన కూర్చుంటుందమ్మా. లేదంటే నేనూ గదిలోనే తింటాను."

సీతారావమ్మ చెడ్డది కాదు. పంక్తిలో మొదటి నెయ్యి ఆమె చేత్తోనే పడాలి. వద్దన్నవాళ్లకి ఇంకో గరిటె. ఆవిడ ప్రేమంతా గరిటెలో ఉంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

పెళ్లికి ముందు సుభాషిణికి తోడుగా నస్రీన్ తెనాలి వచ్చింది. సీతారావమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది.

"అమ్మా, అన్నంలో ఇసుక కలిస్తే ఏం చేస్తారు?"

"ఉమ్మేస్తాను."

"కుందనకి పప్పు తగిలిన అన్నం అంతే."

"మా ఇంటి పప్పు ఇసుకేంటమ్మాయ్!" అని లేచి వెళ్లిపోయిందావిడ.

పెళ్లిరోజు. వరసగా అరిటాకులు. వాటి మధ్య నేను, తళతళా. నా పెద్ద గదిలో తెల్లటి అన్నం.

"ఏంటి వదినా, మనవరాలికి జైలు కంచం?" ఎదుటి వరసలోంచి వీరభద్రం నవ్వాడు. సీతారావమ్మ మరిది.

ఆవిడ నేతి గిన్నెతో వస్తోంది. ఒక ఆకు, ఇంకో ఆకు. కుందన భుజాలు బిగుసుకున్నాయి. గరిటె నా మీదకొచ్చింది. ఆగింది. అన్నం మీద కాదు, ఖాళీగా ఉన్న చిన్న గదిలోకి వంగింది.

నా గట్లు ఊపిరి పీల్చుకున్నాయి. మరుక్షణం వెనకనుంచి వడ్డించే కుర్రాడు పొగలు కక్కే పప్పు గరిటె నేరుగా అన్నం మీదకి వంచాడు.

సీతారావమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. పప్పు ఆ చేతి మీద పడింది.

"అన్నం మీద కాదురా! పక్క అరలో!" చెయ్యి కాలుతున్నా ఆవిడ అరిచింది దానికే.

సుభాషిణి నీళ్లతో లేచింది. "కూర్చోవే. నా చెయ్యి నేను చూసుకుంటాను. నువ్వు దాని పక్కనుండు," అంది సీతారావమ్మ.

కుందన వంగి నాలోకి చూసింది. అన్నం తెల్లగానే ఉంది. మెల్లగా వేళ్లు పెట్టింది. ఒక్కో గది, ఒక్కో ముద్ద. తొందరేం లేదు దానికి.

పెరుగులైపోయాయి. అందరి చేతులూ ఎండిపోయాయి. పంక్తిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు. అది మర్యాద. కానీ చిన్నపిల్లేగా అని వీరభద్రం లేవబోయాడు.

"మరిదీ, నా మనవరాలింకా తింటోంది," అంది సీతారావమ్మ, తడిగుడ్డ చుట్టుకున్న చేత్తో.

వీరభద్రం కూర్చున్నాడు.

నేను మర కింద నలిగాను, కుప్పలో పడ్డాను. కానీ ఎండిన చేతులతో రెండు వరసల మనుషులు ఒక అరల కంచం ఖాళీ అయ్యేదాకా కూర్చోవడం ఆ రోజే చూశాను. కుందన ఆఖరి ముద్ద తిని, గట్టు మీద వేలు నడిపి, అందరికంటే ముందు లేచింది.