పదకొండు నువ్వు మొక్కలు

సోమవారం పొద్దున గ్రీన్‌హౌస్ తలుపు తీసేసరికి నా పదకొండు కుండీలూ ఖాళీ. మట్టి ఉంది, చీటీలు ఉన్నాయి, మొక్కలు లేవు. మిగతా కుండీల్లో నువ్వు మొక్కలు నిండా పూసి పెళ్ళివారిలా నిలబడ్డాయి. వాటితో నాకేం పని?

నీళ్ళు పోసే శ్యామలమ్మను అడిగాను. పీకేశానని తాపీగా చెప్పింది. పీకి, ప్రహరీ వెనక కాలబెట్టిందట. ఆదివారం సెలవైనా దమ్మాయిగూడ నుంచి రెండు ఆటోలు మారి వచ్చి మరీ ఆ ఘనకార్యం చేసిందట.

అరికాలి మంట నెత్తికెక్కింది. నాచారం ఫ్యాక్టరీలన్నిటికీ వినపడేలా అరిచాను. ఆవిడ మా అమ్మకంటే పెద్దది. అయినా ఆగలేదు. మధ్యలో ఏదో చెప్పబోయింది, నేను విననేలేదు.

వినే ఓపిక ఎక్కడిది? మూడేళ్ళ పని అది. పువ్వును పువ్వుగా చేసే జీన్ల కుటుంబం ఒకటుంది. అవి స్వయంగా రేకులు అల్లవు. ఏ జీను ఎప్పుడు పనిలోకి దిగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే మేస్త్రీలు అవి. కోట్ల ఏళ్ళ కిందట ఒక జీనుకు నకలు పడి రెండయ్యాయి, ఆ రెండూ నాలుగయ్యాయి. ఒక నకలు పాత పని చూసుకుంటుంటే ఇంకోటి తీరిగ్గా కొత్త పని నేర్చుకుంది. నేను పట్టుకున్నది అలాంటి నలుగురు అక్కచెల్లెళ్ళను. ఒకదాన్ని ఆపితే ఏమీ కాదు, మిగతా ముగ్గురూ సర్దుకుంటారు. నలుగుర్నీ ఆపితే పువ్వే ఉండదు, దాని చోట పచ్చటి ఆకుల గుత్తి వస్తుంది. అలా నలుగురూ ఆగిపోయిన మొక్కలు నా దగ్గర పదకొండే ఉన్నాయి. పువ్వు లేదు గనక విత్తనమూ లేదు. మళ్ళీ పుట్టించాలంటే వెనకటి తరం నుంచి రెండు పంటలు తీయాలి, అంటే ఏడాది. నా ఫెలోషిప్ మార్చితో సరి. కొలతలు ఆ సోమవారమే మొదలుపెట్టాల్సింది.

మా పరిశోధన సంస్థ డైరెక్టర్ గంగాధరరావుగారు అంతా విని ఉపాయం చెప్పారు. ఏడాది పొడిగింపు రావాలంటే తప్పు నాది కాదని తేలాలట. మొక్కలు ముట్టుకోవద్దని శ్యామలమ్మను ముందే హెచ్చరించానని ఒక్క ముక్క రాస్తే మిగతాది ఆయన చూసుకుంటారట. ఆవిడది కాంట్రాక్టు కొలువే కదా, ఇంకొకరు దొరుకుతారన్నారు. రాశాను. ఆ కోపంలో అది నిజమేననిపించింది కూడా.

మధ్యాహ్నం ఆయన నా ముందే ఆవిడను పిలిపించి, కాగితం చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు. ఆవిడ పెన్ను ముట్టుకోలేదు.

"నువ్వుల గిది వెర్రి తెగులు సార్. పువ్వు ఆకైతది. జగిత్యాల దిక్కు మాకు రెండెకరాల నువ్వుచేను ఉండె. ఒక్క మొక్కకొస్తే పీకి కాలబెట్టాలె, లేకుంటే చేనంత పోతది. శనివారం పొద్దుగూకంగ సూసిన. మేడం మొక్కలన్ని పోతయని పానం ఆగలే, ఉరికొచ్చిన."

వెర్రి తెగులు గురించి నా థీసిస్ రెండో పేజీలోనే ఉంది. ఆ తెగులు తెచ్చే సూక్ష్మజీవి కంటికి కనపడదు. మొక్కలో చేరి, సరిగ్గా ఈ జీన్లు తయారుచేసే ప్రొటీన్లనే నాశనం చేయిస్తుంది. అందుకే పువ్వు ఆకవుతుంది. నేను మూడేళ్ళు యంత్రాల ముందు కూర్చుని నిరూపించబోయినదాన్ని ఆవిడ పొద్దుగూకే వెలుతురులో ఒక్క చూపుతో గుర్తుపట్టింది. ఆ పని తెగులు చేసిందనుకుంది, నేను చేశానని తెలియదు. ఎవరు చెబితే తెలుస్తుంది?

గంగాధరరావుగారికి చేను కథ అక్కర్లేదు. మేడం వద్దని చెప్పిందా లేదా, అది చెప్పమన్నారు. శ్యామలమ్మ నా వైపు తిరిగింది.

"ఎప్పుడు జెప్పినవ్ బిడ్డా?"

మూడేళ్ళలో ఆవిడ నన్ను మేడం అని తప్ప పిలిచింది లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనుషులకు చెప్పాను. ఉప్పల్ నుంచి బడిపిల్లలు చూడ్డానికొస్తే బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఈవిడతో నీళ్ళు ఎక్కువయ్యాయనో తక్కువయ్యాయనో తప్ప ఏం మాట్లాడాను? చీటీల మీద రాసినవి కూడా నాకొక్కదానికే అర్థమయ్యే గుర్తులు.

"చెప్పలేదు సార్," అని కాగితం వెనక్కి తీసుకున్నాను.

అయితే పొడిగింపు సంగతి మరిచిపొమ్మన్నారు ఆయన. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అని కూడా అన్నారు. పొద్దున అబద్ధం నేర్పింది తనేనని ఆయనకు గుర్తున్నట్టే లేదు. ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చాక వరండాలో నిలబడి శ్యామలమ్మకు అంతా చెప్పాను. నకళ్ళు, నలుగురు అక్కచెల్లెళ్ళు, ఆకుల గుత్తి, మార్చి నెల. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ అడగాల్సినవే. ఇంత చెప్పాక, ఉద్యోగం నిలబెట్టాక, ఆవిడ కరుగుతుందనుకున్నాను. నా పిచ్చి. ఆవిడ మొహం కందగడ్డ అయింది.

"మూడేండ్ల సంది నీళ్ళు పోస్తున్న. గీ ముక్క ఒక్కనాడు జెప్పకపోతివి," అంది. "జెప్తే గా పదకొండింటికి నేనే కావలి ఉంటుంటి."