బొటనవేలు పెట్టిన చోటు

కెమెరా పట్టీ కోసం అత్తాకోడళ్ళు ఆ షాపులో అడుగుపెట్టి గంట దాటింది. బల్ల నిండా పట్టీలే. తోలువి, నైలానువి, సాగేవి, మెత్త కుట్టినవి. అత్తగారికి ఒక్కటీ నచ్చలేదు.

"ఇది వాసనొస్తోందే."

"కొత్త తోలు కదా అత్తయ్యా, పోతుంది."

"మరి ఇది గరుకు. ఇదిగో ఈ రంగు చూడు, బడిపిల్లల సంచీలా లేదూ?"

షాపాయన ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "అల్లుణ్ణి ఎంచుకునేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టి ఉండరమ్మా మీరు."

"నాకు కూతుళ్ళు లేరు నాయనా. ఆ సరదా ఇక్కడ తీర్చుకుంటున్నా."

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. రేపే ఆదివారం.

అత్తగారు స్కూళ్ళ ఆటల పోటీలకు ఫోటోలు తీసే మనిషి. పరుగుపందెంలో ముందొచ్చిన పిల్లకి రిబ్బను తగిలే క్షణాన్ని ఆవిడలా పట్టుకునేవాళ్ళు లేరని పేరు. దానికి కావలసిన పొడవాటి లెన్సు, కెమెరాతో కలిపితే చంటిబిడ్డంత బరువు. పోయిన ఏడు ఆవిడకు ఎడమ రొమ్ము తీసేశారు. చికిత్సంతా అయ్యి, జుట్టు మళ్ళీ మొలిచాక, ఇక పనిలోకి వెళ్ళొచ్చన్నాడు డాక్టరు. ఎడమ భుజం మీద మాత్రం బరువు పెట్టొద్దన్నాడు. తీరా మైదానానికి వెళ్ళిన మొదటి రోజే ఆవిడ సగంలో ఇంటికొచ్చేసింది.

"చాల్లే, ఇంక ఓపిక లేదు. కెమెరా నా శిష్యురాలికి ఇచ్చేస్తా. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళమన్నా" అంది. ఆ మాటంటూనే లెన్సు మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

ఆ రోజు ఆవిడ వేసుకెళ్ళింది కోడలు ఎంతో వెతికి కొనిచ్చిన పట్టీనే. కుడి భుజం మీంచి ఏటవాలుగా ఎడమ నడుము దాకా వచ్చేది, భుజం దగ్గర మందపాటి మెత్త. బరువంతా కుడి వైపుకే. ఇంట్లో అందరూ అడిగారు, భుజం నొప్పా అని. "భుజానికేం, ఇనుము" అనేది ఆవిడ. అది అబద్ధమూ కాదు. అయినా పట్టీ మారిస్తే మనసు మారుతుందేమోనని కోడలు ఆవిడను ఈ షాపుకి లాక్కొచ్చింది.

షాపాయన చూసుకోమని తేలికపాటి కెమెరా ఇస్తే కోడలు ఒప్పుకోలేదు. ఖాళీ బిందె ఎత్తి నీళ్ళ బరువు చెప్పడం కుదరదు కదా. అత్తగారి కెమెరానే, లెన్సుతో సహా, సంచీలో తెచ్చింది. అది తగిలించి, అత్తగారిని షాపంతా తిప్పింది. "ఇప్పుడు ఆ మెట్లెక్కి దిగండి. ఒకసారి వంగండి."

"కోడలు దొరుకుతుందనుకున్నా గానీ, డ్రిల్లు మాస్టారు దొరికింది" అంటూనే ఆవిడ మెట్లెక్కింది. దిగుతుండగా కోడలు చూసింది. ఆవిడ ఎడమచేతి బొటనవేలు పట్టీకీ ఒంటికీ మధ్య దూరి ఉంది. పట్టీని రవ్వంత ఎత్తిపట్టింది. మొహంలో నవ్వు నవ్వులాగే ఉంది.

ఇంకో పట్టీ మార్చింది కోడలు. మళ్ళీ అదే చోట వేలు. అది భుజం కాదు. పట్టీ ఎదను దాటి ఎడమ పక్కటెముకల మీదికి దిగే చోటు.

"అత్తయ్యా, అక్కడా?"

"ఎక్కడ?"

"వేలు పెట్టిన చోట."

ఆవిడ వేలు తీసేసింది. షాపాయన వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కుట్టు కొస అది. ఏదైనా రాసుకుందంటే నిప్పంటించినట్టుంటుంది. ఆ మగాయన ముందు చెప్పమంటావా?"

"నాకు చెప్పొచ్చుగా!"

"అంత ముచ్చటపడి కొనుక్కొచ్చావు. అది బాగాలేదని నీకెలా చెప్పనే?"

కోడలికి ఒక్కసారిగా కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అందుకని? పట్టీ బాగాలేదనలేక కెమెరానే ఇచ్చేస్తారా?"

అత్తగారు తప్పు చేసి దొరికిన పిల్లలా నేలచూపులు చూసింది. కోడలు ఆవిడ మెడలోంచి పట్టీ తీసేసి, రెండు చేతులతో కెమెరా అందుకుంది. బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పింది. "ఎదకు తగలనిది కావాలండీ. ఏ వైపు నుంచీ."

షాపాయన ఎందుకని అడగలేదు. బల్ల కిందికి వంగి వెడల్పాటి నడుము పట్టీ ఒకటి తీశాడు. కుడి పక్కన కెమెరా తగిలించడానికి గట్టి కొక్కెం, జారిపడకుండా ఒక సన్నతాడు. "ఫోటో తీసేటప్పుడు ఎలాగూ ఒంటికాలి స్టాండు పెడతారుగా. నడిచేటప్పుడు ఇది మోస్తుంది. పెట్టుకుని చూడండి, నేను లోపల సరుకు సర్దుకుని వస్తా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ బిగించింది.

"పోలీసులా ఉన్నానే."

"తుపాకీ ఒక్కటే తక్కువ."

కెమెరా తగిలించగానే బరువు తుంటి ఎముక మీద కుదురుగా కూర్చుంది. ఆవిడ ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. "ఈ నడుముకి బరువు కొత్త కాదులే. నీ మొగుడు నడక వచ్చాక కూడా ఇక్కణ్ణించి దిగేవాడు కాదు."

"ఇప్పుడు మాత్రం దిగాడా? నా నెత్తికెక్కాడు."

అత్తగారు పగలబడి నవ్వింది. అలా నవ్వుతూనే మెట్లెక్కింది, దిగింది, వంగింది. కోడలి కళ్ళు ఆ ఎడమ చేతినే అంటిపెట్టుకుని ఉన్నాయి. అది దేన్నీ పట్టుకోకుండా, గాలికి వదిలేసినట్టు ఊగుతోంది.

బయటికి వచ్చారో లేదో, కదిలిపోతున్న బస్సు కోసం ఒకమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు తీసింది. కోడలు అటు చూసేలోపే అత్తగారి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. కెమెరా కంటి దాకా లేచింది. ఈలోగా అమ్మాయి బస్సెక్కేసింది.

"ఛ! కొక్కెం దగ్గర ఆలస్యమైంది. చేతికి అలవాటు కావాలి." కెమెరా దించి చెయ్యి చాపింది. "ఏదీ, నీ ఫోనిలా ఇవ్వు. నా శిష్యురాలికి చెప్పాలి."

"రావద్దనా?"

"రమ్మనే! కెమెరా కోసం కాదు, పరుగెత్తడానికి. రేపు పొద్దున మైదానంలో అది పరుగెడుతుంటే నేను తీస్తుంటాను. ఒక్కర్తే పరుగెడితే పందెం ఏముంటుంది గనక, నువ్వు కూడా బూట్లు వేసుకునిరా."

"నేనా?"

"మరి నన్ను మెట్లెక్కించావుగా" అంది అత్తగారు, నంబరు నొక్కుతూ.