లాండ్రీలో ఎండ

పొద్దున్నే షట్టరు లేపగానే లాండ్రీ ఆవిడ చేసే మొదటి పని కంప్యూటర్ ఆన్ చేయడం. అది మేలుకునే లోపు ఆమె మొగుడు ఇస్త్రీ బల్ల తుడిచి, తడి దుప్పట్ల బుట్టని లోపల్నుంచి ఈడ్చుకొస్తాడు. తెర మీద పచ్చిక మైదానం వస్తుంది, దాని వెనకే తెరలోంచి గదిలోకి ఎండ వస్తుంది. గదికి అడ్డంగా కట్టిన తాళ్ళ మీద దుప్పట్లు ఆరేసి, అప్పుడు ఇద్దరూ తీరిగ్గా టీ తాగుతారు.

టోకెన్లు రాసుకోవడానికి కొన్న కంప్యూటర్ అది. ఎండ దాంతోపాటే వచ్చింది. వానాకాలంలో ఊళ్ళో బట్టలన్నీ ముక్కిపోతుంటే వీళ్ళవి మాత్రం పెళపెళలాడేవి. పక్క వీధి నర్సింగ్ హోం దుప్పట్లన్నీ వీళ్ళకి దొరికింది అందుకే. ఇల్లు గడిచేది కూడా వాటి మీదే.

అలాంటిది, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ చేసిన కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వనని చేతులు దులుపుకుంది. ఆ వారంలోనే మైదానం మీద మబ్బు పట్టింది. తర్వాత తుంపర మొదలైంది. లాండ్రీ ఆవిడ తెర కింద బేసిన్ పెట్టి, కీబోర్డుకి ప్లాస్టిక్ కవరు తొడిగింది. దుప్పట్లు సాయంత్రానికి కూడా చెమ్మ వదలడం లేదు.

నర్సింగ్ హోం మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇవాళ కూడా తడివే పంపిస్తే ఇంకో లాండ్రీ చూసుకుంటామండీ. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది, మా ఏడుపు మేం ఏడుస్తాం," అంది ఆవిడ, ఫోన్ పెట్టేశాక.

కాసేపటికి కంప్యూటర్ల షాపు అమ్మాయి, చేతిలో గొడుగున్నా బయటి వానకి నిలువునా తడిసి లోపలికొచ్చింది. ఈ నెల కూడా కొత్తవి అమ్మకపోతే ఇక రానక్కర్లేదని యజమాని ఆమెకి చెప్పేశాడు.

"దీన్ని మార్చేయండక్కా. కొత్తది తీసుకుంటే ఏ గొడవా ఉండదు."

"అంత డబ్బు మాకెక్కడిది? అయినా మా ఆడపడుచు దగ్గరుందిగా ఆ కొత్తది. అందులో మంచుకొండ. దాని ముందు ఆరేస్తే దుప్పట్లు అట్టల్లా బిగుసుకుపోయాయి. ఈయనకి జలుబు కూడా చేసింది."

"ఇంకా తగ్గలేదు," అని ఆయన రుజువుగా ఓ తుమ్ము తుమ్మాడు.

అమ్మాయికి నవ్వొచ్చింది. ఉండబట్టలేక కంప్యూటర్ ముందు కూర్చుని లోపలంతా వెతికింది. "కన్నాలు పడ్డాయక్కా. కంపెనీ వదిలేయకపోతే తనే పూడ్చేది. ఇప్పుడు ఏది పడితే అది లోపలికొచ్చేస్తోంది."

"నువ్వు పూడ్చలేవా?"

"పూడ్చొచ్చు. కానీ మళ్ళీ ఇంకోటి పడుతుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

"నువ్వే ఉండమ్మా. నెలనెలా మాకు తోచింది ఇస్తాం."

అమ్మాయి తన షాపు సంచి పక్కన పడేసి పనిలోకి దిగింది. అమ్మాల్సినది అమ్మడం మానేసి ఇదేం పనని మనసులో ఓ పక్క గుబులుగానే ఉంది. మధ్యాహ్నానికి తెర మీది మబ్బు విడిపోయి ఎండ ఆమె మోకాళ్ళ మీద పడింది. చున్నీ ఆరింది, జుట్టు ఆరింది. బాగుచేయడం ఇష్టమై ఈ పనిలోకి వచ్చిన మనిషి, అమ్మకాల గోలలో పడి ఆ సంగతే మర్చిపోయింది. ఇప్పుడు ఆమెకి చాలా సంతోషంగా ఉంది. ఇస్త్రీ ఆయన ఆమె గొడుగుని కూడా తీసి తాడు చివర తగిలించాడు.

సాయంత్రం దుప్పట్లు వెచ్చవెచ్చగా నర్సింగ్ హోంకి వెళ్ళాయి. మేనేజర్ మళ్ళీ ఫోన్ చేయలేదు. బాగున్నాయని అనడం ఆయనకి అలవాటు లేదు.

మర్నాడు షట్టరు లేపేసరికి అమ్మాయి మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో షాపు సంచి లేదు, సొంత పనిముట్ల పెట్టె ఉంది.

"ఉద్యోగం మానేశానక్కా. సెలూన్ వాళ్ళ కంప్యూటర్లో వెన్నెల మసకేసిందట, పుస్తకాల షాపు వాళ్ళ దాంట్లో గాలి ఆగిపోయిందట. కొత్తవి కొనే స్తోమత వాళ్ళకీ లేదు. నెలకి కొంచెం చొప్పున అందరివీ నేనే చూసుకుంటాను."

"ఎన్నాళ్ళు చూస్తావే తల్లీ?"

"మీరు బట్టలు ఉతికినన్నాళ్ళు."

ఆవిడ టోకెన్ల బల్ల సగం ఖాళీ చేసింది. అప్పుడు గాని అమ్మాయి తడిబట్టలు ఆవిడ కంట పడలేదు.

"గొడుగు నిన్న ఇక్కడే వదిలేశావు. చూడు, ఎలా తడిసిపోయావో!"

"ఏం ఫర్వాలేదక్కా, ఆరిపోతాను," అంటూ అమ్మాయి కంప్యూటర్ ఆన్ చేసింది.