ఎదుటి పక్షానికి ఒక ప్రతి

కొడుతున్నాడని తన మీద కేసు వేసిన భార్యకు మతిస్థిమితం లేదని హరినాథ్ కోర్టులో రాసిచ్చాడు. అది నిజమో కాదో తేల్చమని తిరుపతి మేజిస్ట్రేటు అతని భార్య మహితను భానుశ్రీ దగ్గరికి పంపాడు. మొగుళ్ళ చేతుల్లో నలిగిన ఆడవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ మనఃస్థితి మీద కోర్టుకు నివేదిక ఇవ్వడం భానుశ్రీ పని. పదకొండేళ్ళుగా అదే చేస్తోంది.

హరినాథ్ ఏర్పేడులో లెక్కల అయ్యవారు. ఊళ్ళో అతన్ని పల్లెత్తు మాట అనేవాళ్ళు లేరు. కేసు వేసినా మహిత ఉంటున్నది ఆ ఇంట్లోనే. మొదటి రెండుసార్లు ఆమె అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పింది. ఎడమచెయ్యి ఎందుకు పైకి లేవదంటే జారిపడ్డానంది. మూడోసారి భానుశ్రీ కాగితాలు పక్కన పెట్టేసి, టీ తెప్పించింది. అప్పుడు నోరు విప్పింది మహిత. అతను అరవడట. కూరలో ఉప్పు ఎక్కువైతే గోడవైపు తిరిగి నిలబడమని, తాను పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటాడట. అన్నీ దిద్దడం అయ్యాక లేచి వస్తాడట.

"తడలో మా పిన్నమ్మ దేవకమ్మ ఇంట్లో ఒక పెట్టెలో నా సర్టిఫికెట్లు, పాప గుడ్డలు పెట్టినాను మేడం. ఎనిమిది నెలలుగా పోయినప్పుడల్లా ఒకటొకటే చేర్చినాను. ఆయనకు తెలీదు. పాప పరీక్షలు అయినాక ఆడికి పోతాము," అంది.

భానుశ్రీకి ప్రాణం లేచివచ్చింది. మతి లేని మనిషి ఎనిమిది నెలలు ఇంత ఓపిగ్గా దారి వేసుకోగలదా? ఆమె తెలివిలోనే ఉందనడానికి అంతకన్నా ఏం కావాలి? తడ, పిన్నమ్మ, పెట్టె, అన్నీ వివరంగా రాసింది. నివేదిక ప్రతి ఒకటి ఎదుటి పక్షానికి వెళ్తుందని తెలియక కాదు. రాస్తున్నంతసేపూ ఆమె కళ్ళముందు ఉన్నది జడ్జి ఒక్కడే.

వాయిదా రోజు కోర్టు వరండాలో హరినాథ్ తనే వచ్చి నమస్కారం పెట్టాడు.

"బాగా రాసినారు మేడం. రెండుసార్లు చదివినాను. ఆమె మనసులో ఏముండాదో నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు," అన్నాడు మెల్లగా.

భానుశ్రీ గబగబా పక్కకు వెళ్ళింది. మహితకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వాయిదాకు కూడా రాలేదు. మధ్యాహ్నమే భానుశ్రీ బస్సెక్కి తడ వెళ్ళింది. దేవకమ్మ గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. సోమవారం హరినాథ్ పాపను వెంటబెట్టుకుని వచ్చాడట. ఒక్క మాట తూలలేదట. కాఫీ తాగి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడట.

"మా ఇంట్లోనూ ఆడబిడ్డలుండారమ్మా. ఇంక మా పేరు యాడా రాయొద్దు," అని తలుపు వేసుకుంది.

పోలీసులు మహితే వచ్చి ఫిర్యాదు ఇస్తే చూస్తామన్నారు. ఆమె వకీలు, సంతకం లేకుండా తానేం చెయ్యలేనన్నాడు. భానుశ్రీ జడ్జికి ఒక ఉత్తరం రాసింది. దాన్ని ఫైల్లో పెట్టారు.

తర్వాతి వాయిదాకు మహిత భర్త బండి మీద వచ్చింది. కేసు వెనక్కి తీసుకుంటానంది. ఎవరైనా బలవంతం చేశారా అని జడ్జి అడిగాడు. లేదంది. అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది.

హరినాథ్ బండి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు మెట్ల మీద భానుశ్రీ ఆమె పక్కకు చేరింది. తప్పు నాదేనమ్మా అంది.

"మీరు రాసిందంతా నిజమే మేడం. నేనే మీకు చెప్పకుండా ఉండాల్సింది," అంది మహిత. ఆ మాటలో కోపం లేదు. బండి రాగానే కొంగు సర్దుకుని ఎక్కి కూర్చుంది.

మరుసటి వారం సత్యవేడు నుంచి ఒకావిడను పంపింది కోర్టు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పమంటారా అని అడిగింది. ఎప్పుడూ వెంటనే చెప్పమనే భానుశ్రీ ఆ రోజు, నేను రాసినదాని ప్రతి ఒకటి మీ ఆయనకూ వెళ్తుందమ్మా అని ముందు చెప్పింది.