జిగురు చేతులు

గోడ మీద పడ్డ టీ మరకను ఆరకముందే తడిగుడ్డతో అద్దాలి. రుద్దకూడదు, రుద్దితే రంగు ఊడొస్తుంది. పదకొండేళ్ల కాపురంలో నాకు అబ్బిన విద్యల్లో ఇదొకటి. ఈరోజు పొద్దున కూడా అద్దాను. చక్కెర ఎక్కువైందట. కప్పు ముక్కలు ఏరి, నేల తుడిచి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, పాపకు జడ వేసి, నేను పనిచేసే మందుల షాపుకి అరగంట ఆలస్యంగా వస్తానని ఫోన్ చేశాను. "మళ్ళీనా? ఇంట్లో అంత పనేముంటుందమ్మా మీకు?" అన్నాడు ఓనరు.

ఆయన నన్ను ఒక్కసారీ కొట్టలేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతారు. "నీ మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నానా? చెప్పు" అని చుట్టాల ముందు నా చేత కూడా చెప్పిస్తారు. నిజమే. విసురుతారు, అంతే. గ్లాసు, రిమోటు, తాళాల గుత్తి, చేతికి ఏది దొరికితే అది. నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగులుతాయి.

మొదటిసారి విసిరింది స్టీలు గ్లాసు, పెళ్ళయిన నెలకి. నేను పట్టేసుకున్నాను. కావాలని కాదు. క్రికెట్లో నాలుగేళ్లు కాలేజీ జట్టుకి వికెట్ కీపర్‌గా ఆడినదాన్ని. బంతి చేతికి అతుక్కుపోతుందని అందరూ నన్ను జిగురు అని పిలిచేవారు. "ఆలోచించకే! నువ్వు ఆలోచించేలోపు బంతి దాటిపోతుంది. చేతులకి తెలుసు, వాటి పని వాటిని చేసుకోనీ" అనేవారు మా కోచ్ మేడమ్. గ్లాసు చేతిలో పడ్డాక గానీ, పట్టానని నాకే తెలియలేదు. నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వే కొంప ముంచింది. "నాతో ఆటలా?" అని ఆయన రెండు రోజులు భోజనం ముట్టలేదు. అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి బుజ్జగించారు. "మగాడు కోపంలో విసిరితే పట్టుకుంటారటే, పిచ్చిపిల్లా? కింద పడనివ్వాలి. దాంతో వాడి కోపమూ పోతుంది. మీ మావయ్య విసిరినవి నేనెన్ని ఏరలేదు!"

పట్టడం నేర్చుకోవడానికి పెద్దగా కష్టపడ్డ గుర్తు లేదు. పట్టకుండా ఉండడానికి మాత్రం రెండేళ్లు సాధన చేశాను. ఆయన గొంతు పెరగగానే చేతులు వెనక్కి పెట్టుకుని, వేళ్లలో వేళ్లు బిగించి, కదలొద్దని వాటిని బతిమాలుకునేదాన్ని. తర్వాత తర్వాత బతిమాలే పని కూడా లేకపోయింది.

ఈ సాయంత్రం పాప బడికి వెళ్ళాను. పిల్లల క్రికెట్ జట్టుకి ఎంపిక. పాపకి ఎనిమిదేళ్లు. నా ఆట కబుర్లు విని విని, "మా అమ్మ పేరు జిగురు, తెలుసా?" అని బడంతా చాటింపు వేసింది. ఆటల టీచరు నవ్వుతూ, "అయితే ముందు అమ్మగారే చూపించాలి" అని బంతిని నావైపు విసిరింది. చిన్నపిల్లలు ఆడుకునే మెత్తని బంతి. నా చేతులు లేచాయి. లేచి మొహం కప్పుకున్నాయి. బంతి మోచేతికి తగిలి కింద పడింది. పిల్లలు గొల్లున నవ్వారు. "అలవాటు తప్పిందండీ" అని నేనూ నవ్వాను. నా చేతుల్ని చూసుకుంటే ఏడుపొచ్చింది. వాటి తప్పేముంది? ఆ ఇల్లు నేర్పిందే చేశాయి.

తర్వాత పాప వంతు. టీచరు బంతి పైకెత్తింది, ఇంకా విసరనే లేదు. పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని చటుక్కున కింద కూర్చుండిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఎవరు నేర్పారమ్మా ఇలా?" అంది టీచరు మెల్లగా. పాప తప్పు చేసినదానిలా నావైపు చూసింది.

దాని మీద ఆయన ఎప్పుడూ ఏదీ విసరలేదు. సోఫాలో హోంవర్కు చేసుకుంటూ చూసింది, అంతే.

బ్యాగులో ఫోన్ మోగుతోంది. ఆయన ఇల్లు చేరే వేళ. పాప దగ్గరికి వెళ్ళి మోకాళ్ల మీద కూర్చుని, దాని చేతులు తల మీంచి ఒక్కొక్కటిగా దించాను. చల్లగా ఉన్నాయి.

"మనం ఇంటికి వెళ్ళట్లేదు" అన్నాను.

"మరి నాన్నకి టీ?" అంది పాప భయంగా.

వెళ్ళట్లేదన్న మాట నేను ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేశాక గానీ, అన్నానని నాకే తెలియలేదు.