ఐదు చొక్కాల లెక్క

ఆపరేషన్ జరిగిన మూడో వారంలో, దూది కట్టలూ మందుల చీటీలతో పాటు టేపు గారి ఇంటికి ఒక అంకె కూడా వచ్చి చేరింది. యాభై నాలుగు.

టేపు గారంటే టైలరు. నిద్రపోయేటప్పుడు తప్ప మెళ్ళోంచి టేపు తియ్యడు కాబట్టి వీధంతా ఆయన్ని అలాగే పిలిచేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే కనిపించేది. అన్నవాహికలో క్యాన్సర్ అని తేలాక సర్జన్ ఆ గొట్టం కింది భాగం తీసేసి, పొట్టని పైకి లాగి, మిగిలిన ముక్కకి కలిపి కుట్టాడు. "ఆల్టరేషనే కదా," అన్నాడు టేపు గారు, మాట్లాడే ఓపిక రాగానే. సర్జన్ నవ్వాడు. పక్కనున్న ఇల్లాలికి మాత్రం నవ్వచ్చో కూడదో తెలియలేదు.

అంకె సంగతి ఇలా మొదలైంది. రివ్యూకి వెళ్ళిన రోజు సర్జన్ కంప్యూటర్లో ఒక్కో గడీ నింపుకుంటూ పోయాడు. వయసెంత, గడ్డ ఎంత లోతుకి పోయింది, ఎన్ని గ్రంథులకి పాకింది, ఆపరేషన్‌కి ముందు ఆరు నెలల్లో బరువెంత తగ్గారు. చివరి గడి నిండగానే అడుగున అంకె పడింది. మీలాంటి వాళ్ళు వంద మందిని తీసుకుంటే, ఐదేళ్ళ తర్వాత యాభై నాలుగు మంది ఉంటారని, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. పండు చేతిలోనే ఉంది. ఎటువైపు నుంచి కొరకాలో ఆవిడకి అంతుపట్టలేదు.

ఆయనలాంటి వాళ్ళు వంద మంది ఎక్కడున్నారు? ఒక్కడితోనే ఇరవై రెండేళ్ళుగా వేగలేక చస్తోంది. పైగా ఆవిడ డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుకుంది. అందులో ఆవిడకి వచ్చిన మార్కులు కూడా యాభై నాలుగే. అప్పట్లో దాన్ని చూసి ఇంట్లో ఎవరూ సంతోషించలేదు, ఎవరూ ఏడవనూ లేదు. ఇప్పుడూ సరిగ్గా అదే పరిస్థితి.

ఆడపడుచు ఫోన్ చేసి, "యాభై నాలుగంటే పాసేగా వదినా?" అని అడిగింది. పాసే అంది ఆవిడ. మరి గొంతు అలా ఉందేమిటని అడిగితే జలుబని చెప్పింది.

ఆ అంకె మీద ఒక నిర్ణయం వేలాడుతోంది. యాభై దాటిన వాళ్ళకి ఈ సర్జన్ ఇంకే మందూ ఇవ్వకుండా మూడు నెలలకోసారి చూస్తూ ఉంటాడట. యాభైకి తగ్గితే ఆరు నెలల పాటు నరంలోకి మందు ఎక్కించుకోమంటాడట. ఆ మందుతో వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి. కొందరికి తర్వాత తగ్గిపోతుంది, కొందరికి ఉండిపోతుంది. ఈ మాట విన్నప్పుడు టేపు గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, అక్కడికక్కడే ఎవరో లాక్కుపోతారన్నట్టు. యాభై నాలుగు అనగానే చేతులు బయటికి తీశాడు. ఎందుకైనా మంచిది, సోమవారం ఇంకోసారి చూసి ఖాయం చేద్దామన్నాడు సర్జన్.

శుక్రవారం మధ్యాహ్నం పక్కటెముకల మీది కుట్టు దగ్గర చొక్కా ఒరుసుకుంటోందని టేపు గారు రెండుసార్లు మూలిగి, దాన్ని విప్పేసి నిద్రపోయాడు. పక్క కుట్టు విప్పి కాస్త వదులు చేద్దామని ఆవిడ బ్లేడు తీసుకుంది. టైలరుని కట్టుకున్న పాపానికి ఆవిడ ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్క గుండీ కుట్టుకోలేదు, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. విప్పడానికి చదువు అక్కర్లేదనుకుని చొక్కా తిరగేసింది.

లోపల ఒక కుట్టు పక్కన అరంగుళం దూరంలో ఇంకో కుట్టు. దాని పక్కన మరో అరంగుళం దూరంలో ఇంకోటి. ముందు బలం కోసమేమో అనుకుంది. అవతలి పక్కా అంతే. బీరువా తెరిచి మిగతా నాలుగు చొక్కాలూ మంచం మీద తిరగేసి పరిచింది. అన్నిటి లోపలా మూడేసి కుట్ల గీతలే. బయట నుంచి చూస్తే ఒక్క ముడత లేదు, అంత పని తెలిసిన చెయ్యి.

టేపు పెట్టి కొలిచింది. ఛాతీ చుట్టూ నాలుగంగుళాలు తగ్గింది. మనిషి చిక్కిన కొద్దీ చొక్కాల్నీ తనతో పాటు చిక్కించుకుంటూ పోయాడన్నమాట. అందుకే ఆవిడ కంటికి ఏమీ తగ్గలేదు. ఎంత తగ్గినా చొక్కా మాత్రం ఒంటికి అతికినట్టే ఉండేది.

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చి ఆవిడ మంచం అంచు మీద కూలబడింది. ఆసుపత్రిలో చేరిన రోజు చిన్న డాక్టరమ్మ, ఆరు నెలల కిందట ఈయన బరువెంత ఉండేదని అడిగింది. ఇంట్లో తూకం మెషిన్ లేదు. "ఏం తగ్గలేదండీ, చొక్కాలన్నీ అలాగే సరిపోతున్నాయి," అని చెప్పింది తనే, కొంచెం గర్వంగా కూడా. డాక్టరమ్మ గడిలో సున్నా వేసుకుంది. టేపు గారు ఆ పూటంతా సీలింగ్ ఫ్యాన్‌కేసి చూస్తూ కూర్చున్నాడు.

అంటే యాభై నాలుగు ఈయనది కాదు.

ఆ తర్వాత ఆవిడ బుర్ర పనిచేసిన తీరుకి తలా తోకా లేదు. చెప్తే అంకె పడిపోతుంది. చెప్పకపోతే అలాగే ఉంటుంది. కానీ ఒంట్లో ఉన్నదేదో ఉన్నట్టే ఉంది, దానికి ఈ గడుల సంగతి తెలియదు. మరి తను నోరు విప్పినంత మాత్రాన ఈ మనిషి ఎందుకు తక్కువ బతకాలి? నోరు మూసుకుంటే ఎక్కువ ఎలా బతుకుతాడు? ఎటు తిప్పి చూసినా తప్పేమీ కనబడని లెక్క, ఎటు తిప్పి చూసినా మింగుడుపడని లెక్క.

ఆయన లేచి మంచం చివర తిరగేసిన చొక్కాలు చూశాడు. దొరికిపోయిన మొహం పెట్టలేదు. ఎవరో తన పని తనిఖీ చేస్తున్నట్టు ఒక కుట్టుని వేలితో తడిమాడు.

"ఎందుకు చెప్పలేదండీ?"

"మొదట్లో నువ్వు కంగారు పడతావని. తర్వాత షాపులో అడుగుతారని. చొక్కా వేలాడే టైలరు దగ్గర ఎవరు కుట్టించుకుంటారు?"

"మరి డాక్టరు దగ్గర?"

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "చెప్తే ఇవి పోతాయి. పోనీలే, యాభై నాలుగు ఉంది కదా, ఉండనీ."

"ఆ యాభై నాలుగు మీదా, మీ చొక్కాలదా?"

ఆయన కుట్టు మీంచి వేలు తీసేశాడు.

సోమవారం ఐదు చొక్కాలూ సంచీలో పెట్టుకుని ఆవిడ బయల్దేరింది. ఆయన వద్దనలేదు, సంచీ మొయ్యనూ లేదు. ఆటోలో చేతులు మళ్ళీ తొడల కిందికి వెళ్ళాయి.

ఆవిడ చొక్కాలు బల్ల మీద పరిచి విషయం చెబుతుంటే సర్జన్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కుట్లు చూశాడు. ముద్ద మింగుడుపడని రోగికి బరువు తగ్గకపోవడం ఏమిటని తనకీ అప్పుడే అనుమానం వచ్చిందని, గట్టిగా అడగాల్సిందని అన్నాడు. తర్వాత చొక్కా ఎత్తి పట్టుకుని, నాలుగంగుళాలంటే ఒక ఐదు కిలోలు వేసుకుందామా అన్నాడు. ఐదైతే అంకె యాభైకి అటూ ఇటూగా ఆగుతుందట.

ఆగిపోయేదే. టేపు గారు నోరు మూసుకుని ఉంటే అక్కడే ఆగిపోయేది. కానీ కొలత తప్పుతుంటే ఊరుకునే మనిషి కాదాయన.

"ఐదేంటండీ, కాకిలెక్క," అన్నాడు. "చొక్కా ఛాతీ సంగతి చెప్తుంది గానీ నడుం సంగతి చెప్పదు. ప్యాంట్లు చూడకుండా బరువు కట్టేస్తే ఎలా? నెలనెలా మందుల షాపు ముందు మెషిన్ ఎక్కేవాణ్ణి. అరవై ఏడు ఉండేవాణ్ణి. మీ దగ్గర చేరిన రోజు యాభై ఎనిమిది. తొమ్మిది కిలోలు."

అనేశాక తను ఏమన్నాడో ఆయనకి తెలిసింది. అప్పటికే సర్జన్ గడిలో సున్నా తీసేసి తొమ్మిది కొట్టాడు.

"నలభై ఒకటి," అన్నాడు సర్జన్.

ఆవిడ భర్త మొహంకేసి చూసింది. నిమిషం కిందటి మనిషే. అదే గడ్డం, అదే చెవి మీద వెంట్రుకలు. యాభై నాలుగు నుంచి నలభై ఒకటికి వచ్చిన జాడ ఎక్కడా లేదు.

మందు ఎక్కిస్తే నలభై ఒకటి ఎంతవుతుందని ఆయన అడిగాడు. పెరిగే అవకాశం ఉందని, మీకు ఎంతని మాత్రం చెప్పలేనని సర్జన్ అన్నాడు. వేళ్ళలో తిమ్మిరి మొదలవగానే చెబితే మోతాదు తగ్గించచ్చు, లేదా ఆపచ్చు. అయితే ఈసారి దాచకూడదు.

టేపు గారు ఒక చొక్కా తీసుకుని నెమ్మదిగా మడతపెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"సూదిలో దారం ఎక్కించడం నేర్చుకో," అన్నాడు.

సర్జన్‌కి అర్థం కాలేదు. ఆవిడకి అర్థమయ్యేసరికి టేపు గారు మందుకి ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడ చొక్కాలు బీరువాలో సర్దుతూ ఇంతకు ముందు కంటికి ఆనని విషయం ఒకటి చూసింది. నాలుగు చొక్కాల్లో లోపలి మిగులు గుడ్డని ఆయన కత్తిరించలేదు, మడిచి వదిలేశాడు. కుట్లు విప్పితే పాత కొలత మళ్ళీ వచ్చేస్తుంది. ఐదోదానికి మాత్రం పైన జానెడు మేర మిగులు కోసేసి ఉంది, అది ఇక పాత కొలతకి రాదు.

ఇది ఎందుకు కోశారని అడిగింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. చంక దగ్గర అడ్డం వచ్చి ఉంటుందన్నాడు. ఇంకోసారి తిప్పి చూసి, ఆ రోజు ఏమనుకుని కోశానో గుర్తులేదన్నాడు. ఏది నమ్మాలో ఆవిడకి తెలియలేదు.

ఆయన మిషన్ దగ్గరికి వెళ్ళాక ఆవిడ ఫైలు తెరిచి, నలభై ఒకటి అని రాసి ఉన్న కాగితం వెనక్కి తిప్పింది. ఐదు చొక్కాల్లో నాలుగింటికి మిగులు ఉంది. అంటే నూటికి ఎనభై. ఇది లెక్క కాదని స్టాటిస్టిక్స్‌లో యాభై నాలుగు వచ్చిన మనిషికి కూడా తెలుసు. పెన్సిల్‌తో చిన్నగా ఎనభై అని రాసి, ఫైలు మూసి, సూదీ దారం తీసుకుని ఆయన పక్కన కూర్చుంది. మొదటిసారి ఎక్కలేదు.